ఉప్పు పేరిట వెలసిన సీమ

నేను కాపురమున్న హాలైన్ పట్టణము ఆస్ట్రియా దేశమున, ఆల్ప్స్ పర్వతముల అంచున, సాల్జాఖ్ నది ఒడ్డున ఉన్నది. సిద్దిపేటలోని బంధుమిత్రులు ఈ దేశచరిత్రను గూర్చి అడిగినప్పుడెల్ల, చక్రవర్తులతోను యుద్ధములతోను గాక ఉప్పుతో మొదలుపెట్టుట నాకు అలవాటైనది. ఏలయన ఇచ్చటి భూపటమును ముందుంచుకొని చదువబోయిన వానికి అడుగడుగున ఎదురగునది ఉప్పే. సాల్జ్‌బర్గ్ అనగా ఉప్పుకోట; సాల్జాఖ్ అనగా ఉప్పుటేరు; దానికి తూర్పున సరస్సులతో నిండిన సాల్జ్‌కమ్మర్‌గుట్ అనగా రాజుగారి ఉప్పు ఖజానాకు చెందిన భూమి.

జర్మనుల 'సాల్జ్', లాటిను వారి 'సాల్', ఫ్రెంచివారి 'సెల్', రష్యనుల 'సోల్', గ్రీకుల 'హాల్స్', వేల్సు ప్రజల 'హాలెన్' ఇవన్నియు ఒకే మూలమునుండి పుట్టినవనియు, గ్రీకులకును వేల్సు వారికిని మొదటి సకారము హకారమైనదనియు భాషావేత్తలు చెప్పుదురు. దీనిని బట్టియే హాలైన్, హాల్‌స్టాట్ అను ఊళ్ళ పేర్లను ప్రాచీన కెల్టులు పెట్టినవిగా పూర్వులు తలచిరి. అయితే ఈ ఖండమున నివసించిన నాటి కెల్టుల నోట సకారము చెక్కుచెదరక నిలిచియుండెననియు, కావున 'హాల్' అనునది జర్మనుల మాటయే కావలెననియు తరువాతివారు ఆక్షేపించిరి. వివాదము నేటికిని తెగలేదు గాని, ఆక్షేపణయే నాకు బలమైనదిగ తోచుచున్నది.

సంస్కృతము ఆ భాషాకుటుంబమునకే చెందినదైనను, ఉప్పును లవణమనినది. సింధుదేశపు రాతి ఉప్పును సైంధవమనినది. సైంధవమునకు గుఱ్ఱమనియు అర్థముండుటచే, భోజనవేళ సైంధవము తెమ్మనిన ఉప్పు తేవలెననియు, ప్రయాణవేళ అనిన గుఱ్ఱమును తేవలెననియు మన శాస్త్రులు శిష్యులకు సందర్భప్రాధాన్యమును బోధించెడివారు. మన 'ఉప్పు' ఈ రెంటికిని చెందక, తమిళ కన్నడ మలయాళ సోదరులతో మనకు ఉమ్మడిగ దక్కిన ద్రావిడ పదము. మన ప్రాంతమున చవుటినేలలనుండి ఉప్పు తీసిన వారికి ఆ పదమునుండియే ఉప్పరులను పేరు వచ్చినది. కాలక్రమమున వారు చెరువులు త్రవ్వుటలోను కట్టలు పోయుటలోను ఆరితేరి, సముద్రమును త్రవ్వించిన సగరచక్రవర్తి సంతతివారమని చెప్పుకొనుచు నేడు సగరులని పిలువబడుచున్నారు. ఉత్తర సర్కారులును, 1788లో గుంటూరును ఆంగ్లేయుల పాలైన పిమ్మట నిజాము రాజ్యమునకు చారెడు సముద్రతీరమైనను మిగులలేదు. రైళ్ళు రాకముందు ఎడ్ల వీపులపై పెరికలు వేసి, కోస్తానుండి నెలల తరబడి నడచి మన పల్లెలకు దొడ్డుప్పు చేర్చినవారు లంబాడీలు. లమాణీలను వారి పేరు లవణమునుండియే వచ్చినదని పలువురి అభిప్రాయము.

మనకు ఉప్పు సముద్రమునుండి రాగా, ఆస్ట్రియా వారికి కొండ కడుపునుండి వచ్చినది. కోట్లాది సంవత్సరముల క్రిందట ఎండిపోయిన కడలి పర్వతముల మడతలలో చిక్కుపడి, బంకమన్నుతో కలసి గట్టిపడి ఉన్నది. హాల్‌స్టాట్ గనిలో 2002లో బయల్పడిన చెక్కమెట్లను, వాటి కలపలోని వలయముల లెక్కచే, క్రీస్తుకు పూర్వము పదునాలుగవ శతాబ్దినాటివని తేల్చిరి. నాటి శ్రామికులు ఆవుతోలు సంచులను ఒక భుజమునకు తగిలించుకొని ఉప్పుగడ్డలు మోసెడివారు. ఉప్పు కుళ్ళనీయనందున ఆ సంచులు సైతము చెడక దొరికినవి.

మధ్యయుగమున పద్ధతి మారినది. కొండలో గదులు తొలిచి మంచినీరు నింపెడివారు. అది ఉప్పును కరగించుకొని, ఇక కరగింపలేనంత చిక్కనైన పిమ్మట గొట్టములగుండ క్రిందికి దింపి, విశాలమైన ఇనుప పళ్ళెములలో మరగించెడివారు. మరగించుటకు కట్టెలు కావలసివచ్చెను. కట్టెలకై అడవులు నశించెను. హాల్‌స్టాట్ చుట్టుపట్ల కలప కరవైనందున, ఉప్పునీటినే అడవి యున్నచోటికి తీసికొనిపోదలచి, 1595 మొదలు 1607 వరకు శ్రమించి, దూలములను నడుమ తొలిచి ఒకదానికొకటి తగిలించి, ఎబెన్‌సే వరకు సుమారు 40 కిలోమీటర్ల గొట్టపు మార్గమును నిర్మించిరి.

హాలైన్ ఉప్పు సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్పులది. వారు మతగురువులేగాక రాజులు కూడను. ఇచ్చటి కోటలు, పాలరాతి ప్రాసాదములు, కడకు మొజార్టు తండ్రికి కొలువిచ్చిన ఆస్థానము సైతము ఉప్పు ధనముతో వర్ధిల్లినవే. సంగీతమునకై వచ్చు యాత్రికులకు ఈ సంగతి చెప్పువారు అరుదు. ఆర్చిబిషప్పు వోల్ఫ్ డీట్రిఖ్ ఉప్పు వ్యాపారమునకై పొరుగు బవేరియాతో తగవు పెట్టుకొని, 1611లో దండెత్తి ఓడి, తన కోటలోనే బందీయై 1617లో మరణించెను.

ఈ చరిత్రలో నా మనస్సును మిక్కిలి కదలించు ఘట్టము 1731 నాటిది. ప్రొటెస్టంటు మతమును నమ్మిన పర్వతప్రాంతపు రైతులును గనిపనివారును ఆ యేటి ఆగస్టు 5న ష్వార్ట్‌సాఖ్ గ్రామమున గుమికూడి, బల్లపై నుంచిన ఉప్పును వ్రేలితో అంటి నాలుకపై నుంచుకొని, తమ విశ్వాసమును విడువమని ప్రతిన పూనిరి. బైబిలులో చెప్పిన ఉప్పు ఒడంబడిక వారికి ఆధారము. ఉప్పు తిన్నవారికి ద్రోహము చేయరాదని మన ఇండ్లలో పెద్దలు చెప్పుచుండగా విని పెరిగిన నాకు ఈ రైతుల చర్య క్రొత్తగ తోచలేదు. దొరకు ఋణపడుటకు గాక, ఒకరికొకరు కట్టుబడుటకు వారు ఉప్పును వాడిరి, అదియే వారి గొప్పతనము. ఆర్చిబిషప్పు ఫిర్మియాన్ అక్టోబరు 31న వెలువరించిన శాసనముచే సుమారు 20,000 మంది దేశము విడిచిరి. భూమిలేని కూలీలకు ఇచ్చిన గడువు ఎనిమిది దినములే, అదియు చలికాలపు మొగమున. అధికులను ప్రష్యా రాజు ఆదరించి తన తూర్పు సీమలో నిలిపెను. హాలైన్‌లోని డ్యూర్న్‌బర్గ్ గనినుండి వందలమంది హాలండుకు పోయిరి.

డ్యూర్న్‌బర్గ్ సొరంగములు బవేరియా నేల క్రిందికి చొచ్చుకొనిపోయినవి. 1816లో సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాలో కలసిన పిమ్మట, 1829లో ఉభయరాజ్యములును ఒప్పందము చేసికొనెను: ఆస్ట్రియనులు బవేరియా క్రింద ఉప్పు తీయవచ్చును, బదులుగా బవేరియా ఆస్ట్రియాలోని కొన్ని అడవులను అనుభవించును, బవేరియా సరిహద్దు రైతులకు గనిలో పని దొరకును. 1989లో ఇచ్చట ఉప్పు తీయుట నిలిచిపోయినది. ఒప్పందము మాత్రము 1957 సవరణతో నేటికిని అమలులో ఉన్నది. ఆ అడవులను నేటికిని బవేరియావారే అనుభవించుచున్నారు, గని చూడవచ్చిన యాత్రికులు సొరంగములో నడచుచు గోడపై గుర్తించిన సరిహద్దును దాటి జర్మనీలో అడుగుపెట్టుచున్నారు.