లాటిన్ పోయినా మట్టలు మిగిలాయి

రెండవ వాటికన్ మహాసభ 1963లో అనుమతి ఇచ్చాకే దివ్యపూజ తెలుగులోకి వచ్చింది. అంతవరకు గోదావరి డెల్టా కతోలిక గుడుల్లోనూ లాటినే. ఆ మాటలు అర్థం కాకపోయినా పవిత్ర వారం ఊరివాళ్లకు చేతులతో, కాళ్లతో తెలిసేది. నిరుటి మట్టలు కాల్చిన బూడిదతోనే విభూది బుధవారం నుదుట సిలువ గీస్తారు. అక్కణ్ణించి నలభై రోజుల తపస్సుకాలం. శుక్రవారాల్లో పద్నాలుగు స్థలాల సిలువమార్గం. మట్టల ఆదివారం ఊరేగింపు, గురువారం పాదాలు కడగడం, శుక్రవారం సిలువను ముద్దాడడం. ఆ రోజు పూజ ఉండదు.

1976లో ఏలూరు మేత్రాసనం ఏర్పడేనాటికి ఇవన్నీ తెలుగులోనే. ఆచారం చెడలేదు. కోయపిల్లలకు కోయలో పాఠం చెబితే చదువు పాడవుతుందనేవాళ్లకు మేం దీన్నే చూపిస్తాం.

శనివారం రాత్రి కొత్త నిప్పు రాజేసి, పెద్ద పాస్కా కొవ్వొత్తి వెలిగించి, సృష్టి కథ మొదలుకొని చదువుతారు. ఇప్పుడది వెనక వరుసలో కూర్చున్న ముసలమ్మకూ తెలుస్తుంది.