మోర్గాన్: ఒకే గుర్రంతో మొదలైన జాతి

అమెరికా ఈశాన్య మూలన వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రం ఉంది. కొండలు, రాళ్ళ నేలలు, నెలల తరబడి వదలని చలి. 1790ల్లో అక్కడికి వలస వచ్చిన రైతు ముందు చెట్లు నరకాలి, మొద్దులు పెకలించాలి, ఆ తరవాతే దుక్కి. దున్నడానికి ఒక గుర్రం, బండికి ఒకటి, స్వారీకి ఇంకొకటి కట్టేసి మేపే స్తోమత వాళ్ళలో చాలామందికి లేదు. ఉన్న ఒక్క గుర్రమే వారమంతా నాగలి లాగాలి, అడవిలోంచి దుంగలు ఈడ్చాలి, ఆదివారం ఇంటిల్లిపాదినీ చర్చికి చేర్చాలి. సాయంత్రం సత్రం ముందు ఎవరైనా పందెం అంటే అప్పుడూ పరిగెత్తాలి. మోర్గాన్ జాతి గుర్రం ఈ అవసరంలోంచి పుట్టింది. ఇది అమెరికా గడ్డమీద రూపుదిద్దుకున్న తొలి గుర్రపు జాతుల్లో ఒకటి.

జాతి మొత్తానికీ మూలం ఒకే ఒక్క మగ గుర్రం. పేరు ఫిగర్. 1789లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టింది. దాని యజమాని జస్టిన్ మోర్గాన్ సంగీతం మాస్టారు. చర్చిల్లో పాడేవాళ్ళకు పాటలు నేర్పేవాడు, పిల్లలకు చేతిరాత దిద్దించేవాడు, కొన్నాళ్ళు సత్రం కూడా నడిపాడు. సొంతంగా బాణీలు కట్టాడు, వాటిలో కొన్నిటిని అమెరికాలో ఇప్పటికీ పాడుకుంటున్నారు. 1788లో కుటుంబంతో వెర్మాంట్‌లోని రాండాల్ఫ్‌కు చేరాడు. రావలసిన బాకీ వసూలుకు పాత ఊరికి వెళితే, డబ్బుకు బదులు ఈ గుర్రప్పిల్లను చేతిలో పెట్టి పంపారని తరతరాలుగా చెప్పుకునే కథ.

ఫిగర్ తండ్రి ట్రూ బ్రిటన్ అనే మేలుజాతి గుర్రమని ఎక్కువమంది ఒప్పుకునే మాట. కాదు, డచ్చి గుర్రానికి పుట్టిందని వాదించినవాళ్ళూ ఉన్నారు. ఈ వంశవృక్షం గొడవ మీద కాగితాలు చాలానే ఖర్చయ్యాయి. నా మటుకు నాకు అది పెద్ద విషయంగా తోచదు. రాండాల్ఫ్ రైతులు ఫిగర్‌ను చూసి దాని తాతముత్తాతలెవరని అడగలేదు. ఏం లాగుతుందో, ఎంత దూరం నడుస్తుందో చూశారు.

చూడడానికి మాత్రం పొట్టి గుర్రం. గుర్రం ఎత్తును మెడ, వీపు కలిసే మూపు దగ్గర కొలుస్తారు. కొలతకు వాడే ప్రమాణం హ్యాండ్, అంటే 4 అంగుళాలు. ఫిగర్ ఎత్తు సుమారు 14 హ్యాండ్లు, మన లెక్కలో 4 అడుగుల 8 అంగుళాలు. బరువు 430 కిలోలకు అటూ ఇటూ. ముదురు గోధుమవన్నె ఒళ్ళు, నల్లటి కాళ్ళు, నల్లటి జూలు, తోక. మోర్గాన్ దీన్ని రాబర్ట్ ఎవాన్స్ అనే అతనికి ఏడాదికి 15 డాలర్ల అద్దెకు ఇచ్చాడు. ఎవాన్స్ పని అడవి నరికి పొలం చేయడం. ఫిగర్ మెడకు పట్టా పడింది.

ఆ రోజుల ముచ్చట ఒకటి డి.సి. లిన్‌స్లీ రాసి పెట్టాడు. మోర్గాన్ గుర్రాల పుట్టుక, చరిత్ర, లక్షణాల మీద బహుమతి పొందిన తన వ్యాసాన్ని 1857లో పుస్తకంగా తెచ్చిన మనిషి ఆయన. ఒక సాయంత్రం ఎవాన్స్ పని ముగించుకుని రంపపు మిల్లు పక్కనున్న సత్రం దగ్గర ఆగాడు. అక్కడ ఒక పైన్ దుంగ పడి ఉంది. ఊళ్ళోని బలమైన గుర్రాలన్నిటినీ కట్టి చూశారు, కదల్లేదు. మిల్లు అక్కడికి 50 మీటర్ల దూరం. మూడు ఈడ్పుల్లో దాన్ని మిల్లుకు చేరుస్తానని ఎవాన్స్ ఒక గ్యాలన్ రమ్ము పందెం కాశాడు. గొలుసు తగిలించాక దుంగను ఒకసారి పరకాయించి చూసి, ఇంత చిన్నదానికి నా గుర్రాన్ని కట్టడం నామోషీ, ముగ్గురు మనుషులు దానిమీద ఎక్కి కూర్చోండి అన్నాడట. ముగ్గురూ ఎక్కారు. ఎవాన్స్ అదిలించగానే ఫిగర్ ముందుకు వంగి లాగింది. మొదటి ఈడ్పులోనే దుంగ సగం దూరం దాటింది. కాసేపు ఊపిరి తీసుకుని రెండో ఈడ్పుకు మిల్లుకు చేర్చింది. మూడో ఈడ్పుతో పనే పడలేదు.

దుంగలు లాగే గుర్రం మామూలుగా పరుగుకు పనికిరాదు. ఫిగర్ అలా కాదు. 1796లో బ్రూక్‌ఫీల్డ్‌లో న్యూయార్క్ నుంచి వచ్చిన స్వీప్‌స్టేక్స్, సిల్వర్‌టెయిల్ అనే రెండు పందెపు గుర్రాలతో పోటీ పడి రెండింటినీ ఓడించిందని లిన్‌స్లీ రాశాడు. 1817లో అధ్యక్షుడు జేమ్స్ మన్రో వెర్మాంట్ పర్యటనకు వచ్చినప్పుడు ఊరేగింపులో ఎక్కింది ఫిగర్‌నే అని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

మోర్గాన్ 1798లో చనిపోయాడు. గుర్రం ఎన్నో చేతులు మారింది. ఎవరి దగ్గరున్నా జనం మాత్రం దాన్ని మొదటి యజమాని పేరుతోనే పిలిచారు. ఆ పేరే జాతికి స్థిరపడింది. ముసలితనంలో దానికి మంచి రోజులు లేవు. 1821 చలికాలంలో చెల్సీ అనే ఊళ్ళో కొట్టం కూడా లేని ఆరుబయటి దొడ్డిలో మిగతా గుర్రాలతో కలిపి వదిలేశారు. మరో గుర్రం డొక్కలో తన్నింది. దెబ్బకు మందు వేసినవాళ్ళు లేరు. 32 ఏళ్ళ వయసులో ఆ గాయంతోనే పోయింది. ఒక జాతికి మూలమైన జీవికి పట్టిన ఈ గతి చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఫిగర్ అసలు విశేషం దాని సంతానంలో కనిపించింది. ఏ రంగు, ఏ ఎత్తు, ఏ జాతి ఆడగుర్రంతో కలిపినా పిల్లలు తండ్రిని పోతపోసినట్టు పుట్టేవి. వాటిలో షెర్మన్, బుల్‌రష్, వుడ్‌బరీ అనే మూడు కొడుకులు ప్రధానం. ఇవాళ్టి మోర్గాన్ల వంశావళి వీటి గుండానే ఫిగర్ దాకా వెళుతుంది. రైతులు ఆ పోలిక నచ్చి ఫిగర్ సంతతిలోనే మళ్ళీ మళ్ళీ జతకట్టించారు. రూపం అలా ఖాయపడింది.

షెర్మన్‌కు 1833లో పుట్టిన బ్లాక్ హాక్, దానికి 1849లో పుట్టిన ఈథన్ ఆలెన్ బండి పందేలలో పేరు మోగించాయి. ఆ పందేలలో గుర్రం దౌడు తీయకూడదు. ఎడమ ముందుకాలితో కుడి వెనక్కాలు, కుడి ముందుకాలితో ఎడమ వెనక్కాలు జంటగా పడే ట్రాట్ నడకలోనే వేగం చూపించాలి. ఈథన్ ఆలెన్ మోజు ఎంతదాకా పోయిందంటే, గాలి ఎటు వీస్తోందో చూడడానికి కొట్టాల కప్పు మీద పెట్టే రాగి రేకు బొమ్మల్లో దాని రూపం మలిచారు. అలాంటి పాత బొమ్మలు ఇప్పుడు కళాఖండాలుగా వేలంలో అమ్ముడుపోతున్నాయి.

ఆ పేరే తరవాత జాతికి చేటు తెచ్చింది. పందేలకు ఇంకా వేగం కావాలన్నారు, బండ్లకు ఇంకా ఎత్తు కావాలన్నారు. పెంపకందార్లు మోర్గాన్ ఆడగుర్రాలను పొడుగు గుర్రాలతో జతకట్టించారు. ఆ కలయికల్లోంచి వేరే జాతులు బాగుపడ్డాయి, అసలు రకం పలచబడిపోయింది. మిడిల్‌బరీకి చెందిన జోసెఫ్ బాటెల్ అనే ధనికుడు అప్పుడు పూనుకోకపోతే ఇవాళ మనం ఈ గుర్రం గురించి మ్యూజియం కాగితాల్లోనే చదువుకునేవాళ్ళం. ఆయన ఊరూరా తిరిగి, పాత పత్రికల ప్రకటనలు వెతికి, ముసలివాళ్ళ జ్ఞాపకాలు రాసుకుని 1894లో మోర్గాన్ల వంశావళి మొదటి సంపుటం అచ్చు వేశాడు. 1907లో వేబ్రిడ్జ్‌లోని తన పొలాన్ని ఈ జాతిని నిలబెట్టమని అమెరికా ప్రభుత్వానికి ఇచ్చేశాడు. వ్యవసాయ శాఖ అక్కడ దశాబ్దాల పాటు గుర్రాలు పెంచింది. ట్రాక్టరు, మోటారు రాజ్యమేలుతున్న కాలంలో, 1951లో, ఆ కార్యక్రమాన్ని వదులుకుని క్షేత్రాన్ని వెర్మాంట్‌కు అప్పగించింది. నిజం చెప్పాలంటే ఆ తరవాత జాతిని మోసినవాళ్ళు మామూలు పెంపకందార్లు. వెర్మాంట్ 1961లో దీన్ని రాష్ట్ర జంతువుగా, మసాచుసెట్స్ 1970లో రాష్ట్ర అశ్వంగా ప్రకటించాయి.

మోర్గాన్‌ను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఎడంగా ఉన్న పెద్ద కళ్ళు, చిన్న చెవులు, భుజం మీంచి నిటారుగా లేచి విల్లులా వంగిన మెడ, వెడల్పు రొమ్ము, కురచ వీపు, కండపట్టిన పిరుదులు. కురచ వీపు బరువును కుంగకుండా మోస్తుంది, పిరుదుల్లోని బలం లాగడానికి ఆసరా. ఎత్తు ఎక్కువగా 14.1 నుంచి 15.2 హ్యాండ్ల మధ్య ఉంటుంది. ఇందులో చుక్క తరవాతి అంకె అంగుళాలను చెబుతుంది, కాబట్టి 15.2 అంటే 5 అడుగుల 2 అంగుళాలు. తిండి తక్కువ, ఆయుష్షు ఎక్కువ. రాళ్ళ నేలలో అరకొర మేతతో బతికిన వంశం కావడంతో, ఇప్పటి పుష్కలమైన పచ్చిక దీనికి పడదు. వసంతంలో లేత గడ్డి మీద వదిలేస్తే ఊరికే ఒళ్ళు చేస్తుంది. ఆ కొవ్వు డెక్కల్లో వాపుకు దారి తీసి గుర్రం నడవలేని స్థితికి వస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు మేతను కొలిచి పెడతారు, పచ్చిక మీదికి కాసేపే వదులుతారు.

పనుల విషయానికొస్తే, ఇవాళ దుంగలు లాగే అవసరం పెద్దగా లేదు. బండి పోటీలు, అడ్డంకులు దూకే పోటీలు, పశువుల మందను మళ్ళించే పోటీలు, కొండదారుల్లో విహారం, అవిటి పిల్లలను ఎక్కించి చేయించే వ్యాయామ చికిత్స, అన్నిట్లోనూ మోర్గాన్ కనిపిస్తుంది. వెర్మాంట్‌లో 1936లో మొదలైన వంద మైళ్ళ స్వారీ ఓపికకు పరీక్ష, అందులోనూ ఈ జాతి మొదటినుంచీ పాల్గొంది. టెన్నెసీ వాకింగ్ హార్స్ జాతికి మూలమైన బ్లాక్ అలన్ అనే గుర్రం తల్లి మోర్గాన్ సంతతిదే. ఒక్క పనికే పెంచిన గుర్రం ఆ పనిలో దీన్ని దాటిపోతుంది, అది ఒప్పుకోవలసిందే. కానీ ఇల్లు గడవడానికి ఒకే గుర్రాన్ని ఎంచుకోవలసి వస్తే నేను మోర్గాన్‌నే ఎంచుకుంటాను.

యుద్ధం సంగతి చివరికి ఉంచాను. అమెరికా అంతర్యుద్ధంలో వెర్మాంట్ మొదటి ఆశ్విక దళం ఎక్కువగా మోర్గాన్లనే వాడింది. ఉత్తర సేనాని ఫిలిప్ షెరిడన్‌కు 1862లో మిసిసిపీలోని రియెంజీ దగ్గర అధికారులు ఒక నల్లగుర్రాన్ని కానుకగా ఇచ్చారు. అది మోర్గాన్ సంతతిదేనని ఆయనే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. 1864 అక్టోబర్ 19న సెడార్ క్రీక్‌లో తన సైన్యం తెల్లవారుజామున దెబ్బతిని వెనక్కి పారిపోతుంటే, షెరిడన్ వించెస్టర్ నుంచి ఆ గుర్రం మీద దూసుకొచ్చి వాళ్ళను మళ్ళించి గెలిచాడు. దొరికిన ఊరి పేరుతో రియెంజీ అని పిలిచిన ఆ గుర్రం పేరు ఆ రోజు తరవాత వించెస్టర్ అయింది. 1878లో చనిపోతే దాని శరీరాన్ని పాడవకుండా భద్రపరిచారు. 1922 నుంచి అది వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ ఆధీనంలో ఉంది. పిల్లల దగ్గరికని అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు ఎలాగూ ఆ ఊరు చూస్తారు. అక్కడి అమెరికా చరిత్ర మ్యూజియంలో ప్రవేశానికి టికెట్ లేదు. వెళ్ళినప్పుడు వించెస్టర్‌ను కూడా చూసి రండి.