డీజిల్ ఇంజనుకు నూనె పరీక్ష: బహ్రెయిన్ బావితో చుట్టరికం

బహ్రెయిన్‌లో టిప్పర్లు, బుల్డోజర్లు, జనరేటర్ల మీద పనిచేసే మనవాళ్ళున్నారు. వాళ్ళ కోసం ఈ వారం ఇంజన్ ఆయిల్ కథ చెబుతాను.

1932లో ఇక్కడి జబల్ దుఖాన్ కొండ దగ్గర చమురు పడింది. గల్ఫ్‌కు అరబ్బుల వైపున అదే మొదటిది. తవ్వించిన బాప్కో అప్పట్లో అమెరికాలోని స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా వారిది. అంతకు ముందు ఏడాదే క్యాటర్‌పిల్లర్ కంపెనీ డీజిల్ ట్రాక్టరు తెచ్చింది. బండి బలమైనదే గానీ, వేడికి నూనె మాడి పిస్టన్ గాడుల్లో గట్టిపడేది, రింగులు పట్టేసేవి. రింగు కదలకపోతే కంప్రెషన్ పోతుంది, లైనరు గీసుకుపోతుంది. అప్పుడు ఆ కాలిఫోర్నియా కంపెనీ వాళ్ళే సబ్బు జాతి రసాయనం కలిపి 1930ల నడుమ డెలో అనే నూనె తయారుచేశారు.

ఒక జబ్బు తగ్గితే ఇంకొకటి వచ్చింది. తొలినాటి రసాయనాలు కొన్ని రాగి, సీసం కలిసిన బేరింగులను తినేశాయి. మాటల మీద నమ్మితే కుదరదని అందరికీ తెలిసొచ్చింది. 1940లలో క్యాటర్‌పిల్లర్ ఎల్-1 పరీక్ష వాడుకలోకి వచ్చింది: ఒకే సిలిండరు ఇంజనును 480 గంటలు నడిపి, విప్పి, పిస్టనూ రింగులూ చూసేవారు. 1946 ప్రాంతంలో డెన్వర్ అండ్ రియో గ్రాండే రైల్వే మరో దారి పట్టింది. ఇంజను విప్పకుండానే వాడిన నూనెను స్పెక్ట్రోమీటరులో పెట్టి చూశారు. ఇనుము పెరిగితే లైనరో రింగులో అరుగుతున్నట్టు, రాగి పెరిగితే బేరింగు పోతున్నట్టు. సిలికాన్ కనబడితే దుమ్ము దూరిందని అనుమానం. మన ఎడారి గాలిలో ముందు చూడవలసింది ఎయిర్ ఫిల్టరే.

2016 డిసెంబరులో వచ్చిన సీకే-4 గ్రేడుకు ఇలాంటి పరీక్షలు చాలా ఉన్నాయి. మ్యాక్ టీ-12లో రింగుల బరువు ఎంత తగ్గిందో, లైనరు ఎంత అరిగిందో కొలుస్తారు. కమిన్స్ ఐఎస్ఎమ్‌లో మసి నిండిన నూనెతో వాల్వుల భాగాలు ఎంత అరిగాయో చూస్తారు.

2011 నుంచి మన సిత్రాలోనే బేస్ ఆయిల్ తయారవుతోంది. అయితే బేస్ ఆయిల్ ఒక్కటే ఇంజన్ ఆయిల్ కాదు. రసాయనాలు కలవాలి, పరీక్ష నెగ్గాలి.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటే అది చిక్కదనం మాత్రమే. అరుగుదలను ఆపుతుందా లేదా అన్నది పక్కనున్న గ్రేడు చెబుతుంది. ఇంజను పుస్తకంలో రాసిన గ్రేడు చూసి పోయండి. నాలుగు దీనార్లు మిగిలాయనుకుంటే, బోరు పనికి ఎన్నో రెట్లు పోతుంది, బండి ఆగినన్నాళ్ళూ పనీ ఆగుతుంది. సెలవు.