రూల్స్ ఎవరివి? డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఎడిషన్ల గొడవ

ఈ ఎపిసోడ్ ఎడ్లపాడులో మా ఇంటి మేడ మీద రికార్డ్ చేస్తున్నాను. వెనకాల లారీల చప్పుడు వినపడుతుంటే ఏమనుకోకండి. గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే 16వ నంబర్ హైవే మా ఊరి మీదుగానే పోతుంది. దాన్ని ఎడిట్‌లో తీసేయడం నా వల్ల కాదు.

చిన్నప్పుడు మా తాతయ్య అరుగు మీద సుద్దముక్కతో గీత గీసి పులి-మేక ఆడించేవాడు. 3 పులులు, 15 మేకలు. మేకలకి చింతపిక్కలు, పులులకి గులకరాళ్ళు. ఒక వేసవి సెలవుల్లో మా మేనమామ కొడుకు వచ్చి, మేకలన్నీ దించకముందే ఒక మేకని పక్కకి జరిపాడు. "మా ఊళ్ళో ఇట్లాగే ఆడతాం తాతయ్యా" అన్నాడు. "మీ ఊళ్ళో ఆడుకో అబ్బాయ్. ఈ అరుగు మీద ఇట్లా కాదు" అన్నాడు తాతయ్య. గొడవ అక్కడితో అయిపోయింది. ఎందుకంటే పులి-మేకకి ఓనర్ లేడు. రేపు పొద్దున ఎవరో వచ్చి "ఇది సెకండ్ ఎడిషన్, ఇకనుంచి పులులు నాలుగు, పాత చింతపిక్కలు చెల్లవు" అనలేరు.

మరి ఆటకి ఓనర్ ఉంటే? ఈ ఎపిసోడ్ దాని గురించే.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరు మీలో చాలామంది స్ట్రేంజర్ థింగ్స్ సిరీస్‌లో విని ఉంటారు. పిల్లలు బేస్‌మెంట్‌లో కూర్చుని పాచికలు వేస్తూ ఆడతారే, ఆ ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "నేను తలుపు పగలగొడతాను" అంటే 20 ముఖాల పాచిక వేసి, పడిన అంకెని బట్టి పగిలిందో లేదో తేలుస్తారు. అంతే ఆట. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని చిన్న పెట్టెలో మూడు పుస్తకాలుగా తెచ్చారు. మొదటి ప్రింట్ 1000 కాపీలు. కంపెనీ పేరు టీఎస్ఆర్, ఊరు అమెరికాలో లేక్ జెనీవా.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పుస్తకం ఒకసారి కొంటే పదేళ్ళు ఆడుకోవచ్చు. పాచికలు అరిగిపోవు. మరి కంపెనీకి డబ్బులెట్లా వస్తాయి? కొత్త పుస్తకం వేయాలి, దానికి కొత్త రూల్స్ కావాలి. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన నాకు ఇది బాగా తెలిసిన కథ. పాత వెర్షన్ బాగానే నడుస్తుంటుంది, కానీ కొత్తది రిలీజ్ చేయకపోతే సేల్స్ టీమ్‌కి పని ఉండదు.

1989లో సెకండ్ ఎడిషన్ వచ్చింది. అప్పటికి గైగాక్స్ కంపెనీలో లేడు, బోర్డులో జరిగిన కొట్లాటలో బయటికి పోయాడు. ఆ రోజుల్లో అమెరికాలో కొందరు తల్లిదండ్రులు, చర్చి వాళ్ళు ఈ ఆట దయ్యాల పూజ అని గోల చేస్తుండేవారు. ఆ దెబ్బకి కొత్త ఎడిషన్‌లో డెమన్, డెవిల్ అనే మాటలే తీసేశారు. తర్వాత అదే దయ్యాలు నోరు తిరగని వేరే పేర్లతో వెనక్కి వచ్చాయి. హంతకుడి పాత్ర కూడా ఎగిరిపోయింది. పదేళ్ళుగా ఆ పాత్రనే ఆడుతున్నవాడికి ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

1997లో టీఎస్ఆర్ అప్పుల్లో మునిగితే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొనింది. 1999లో దాన్ని హాస్‌బ్రో కొనింది. 2000లో థర్డ్ ఎడిషన్. దాంతోపాటు వచ్చిన ఒక కాగితం గురించి నేను ఇవాళ ఎక్కువ మాట్లాడాలి. దాని పేరు ఓపెన్ గేమ్ లైసెన్స్, ఓజీఎల్. ర్యాన్ డాన్సీ అనే ఆయన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ని చూసి తెచ్చిన ఐడియా ఇది. మా ఆట రూల్స్‌లో ఈ భాగం ఎవరైనా వాడుకోండి, మీ పుస్తకాలు మీరు అమ్ముకోండి, మాకు రాయల్టీ ఏమీ ఇవ్వక్కర్లేదు అని. దాన్ని నమ్మి ఎంతోమంది చిన్న పబ్లిషర్లు పుట్టుకొచ్చారు. మూడేళ్ళకే 2003లో 3.5 అని ఇంకోటి వచ్చేసరికి, పాత రూల్స్‌తో ప్రింట్ చేసిన స్టాక్ చాలామందికి గోడౌన్లలో మిగిలిపోయింది. అది వేరే ఏడుపు.

అసలు మంట 2007 ఆగస్టులో అంటుకుంది. జెన్ కాన్ అని ప్రతి ఏడాది జరిగే పెద్ద గేమర్ల జాతర ఉంది. అక్కడ ఫోర్త్ ఎడిషన్ ప్రకటించారు. 2008 జూన్‌లో పుస్తకాలు వచ్చాయి. అప్పటిదాకా మంత్రగాడు అంటే పొద్దున్నే ఏ మంత్రాలు కావాలో లెక్కేసుకుని, వాడినవి వాడినట్టు అయిపోయే మనిషి. ఫోర్త్ ఎడిషన్‌లో కత్తివీరుడికీ మంత్రగాడికీ ఒకటే పద్ధతి: ఎప్పుడైనా వాడే పవర్లు కొన్ని, పోరుకి ఒకసారి వాడేవి కొన్ని, రోజుకి ఒకసారివి కొన్ని. ఇది వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ లాంటి కంప్యూటర్ గేమ్ అయిపోయింది, మన ఆట కాదు అన్నారు పాతవాళ్ళు. మొదటి రూల్స్ పుస్తకంలో మరుగుజ్జు జాతి నోమ్ లేదు, పాటగాడు బార్డ్ లేడు, డ్రూయిడ్ లేడు. తర్వాత పుస్తకాల్లో వస్తారన్నారు. అంటే ఇంకా కొనాలి.

నిజం చెప్పాలంటే ఫోర్త్ ఎడిషన్ చెత్త ఆట కాదు. పోరు రూల్స్ శుభ్రంగా ఉంటాయి, కొత్తవాళ్ళకి సులువు. నాకైతే నచ్చింది. కానీ ఆట బాగుందా లేదా అన్నది ఒక ప్రశ్న, నా ఆటని నన్ను అడక్కుండా మార్చారా అన్నది వేరే ప్రశ్న. జనం కోపం రెండోదాని మీద.

దీనికి ఎప్పుడూ ఒక సమాధానం వస్తుంది. "మీ పాత పుస్తకాలు మీ దగ్గరే ఉన్నాయి కదా, ఎవడు లాక్కున్నాడు?" అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ చదరంగం సంగతి చూడండి. మన దేశీ పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో రెండు గళ్ళు దూకేది కాదు, ఒక్కటే. పంజాబ్‌కి చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ ఆ రూల్స్‌తో ఆట నేర్చుకుని, తర్వాత అంతర్జాతీయ రూల్స్ పట్టుకుని 1929లో బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. మన గుంటూరు హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి ఆ పాత ఆట దాదాపు మాయమైంది. దాన్ని ఎవరూ నిషేధించలేదు. ఎదురుగా కూర్చుని ఆడేవాడు లేకుండా పోయాడు, అంతే. పుస్తకం అలమరలో ఉంటుంది. కానీ ఆట ఉండాలంటే నలుగురు మనుషులు కావాలి. ఆ నలుగురిలో ఇద్దరు కొత్త ఎడిషన్‌కి పోతే మిగిలిన ఇద్దరి చేతిలో ఉన్నది కాగితాలే.

ఫోర్త్ ఎడిషన్ టైమ్‌లో సరిగ్గా ఇక్కడే ఓజీఎల్ పనికొచ్చింది. అప్పటిదాకా డీ అండ్ డీ పత్రికలు నడిపిన పైజో అనే చిన్న కంపెనీ, 3.5 రూల్స్‌ని ఆ లైసెన్స్ కింద తీసుకుని పాత్‌ఫైండర్ అనే ఆట 2008 మార్చిలో ప్రకటించి, 2009 ఆగస్టులో పుస్తకంగా తెచ్చింది. పాత రూల్స్ బతికాయి. మన భాషలో చెప్పాలంటే ఫోర్క్ కొట్టారు. అంతకన్నా ముందే 2006లో అభిమానులు అదే లైసెన్స్ వాడుకుని ఓఎస్ఆర్ఐసీ పేరుతో ఫస్ట్ ఎడిషన్ రూల్స్‌ని మళ్ళీ రాసుకున్నారు. కంపెనీకి బుద్ధొచ్చిందో, లెక్కలు చూసుకుందో గానీ, 2012లో ఫిఫ్త్ ఎడిషన్ ప్రకటించాక రూల్స్ ముందుగా జనానికే ఇచ్చి ఆడించి చూసింది. 2014లో వచ్చిన ఆ ఎడిషన్ సూపర్ హిట్.

ఇప్పుడు పల్నాడు దగ్గరికి వద్దాం. మా మండలంలోనే కొండవీడు కోట ఉంది. అక్కడ రెడ్డిరాజుల కొలువులో ఉన్న శ్రీనాథుడే పల్నాటి వీరచరిత్ర రాశాడని చెబుతారు. ఆ కథలో నాగమ్మకీ బ్రహ్మనాయుడికీ కోడిపందెం. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి పోవాలి. మాచర్ల వాళ్ళు ఓడారు, పోయారు. గడువు తీరాక వచ్చి మా రాజ్యం మాకివ్వండి అంటే గురజాల వాళ్ళు ఇవ్వనన్నారు. కారంపూడిలో యుద్ధం జరిగింది. పందెం ఓడినందుకు కాదు చూడండి యుద్ధం. పందెం ముందు ఒప్పుకున్న మాట తర్వాత మార్చినందుకు.

2023 జనవరిలో జరిగింది ఇదే జాతి గొడవ. కొత్త ఓజీఎల్ డ్రాఫ్ట్ ఒకటి లీకై గిజ్మోడోలో వచ్చింది. 2000 నాటి లైసెన్స్ ఇక చెల్లదు, ఏడాదికి 7,50,000 డాలర్లు దాటి సంపాదిస్తే పైదాంట్లో 25 శాతం దాకా రాయల్టీ కట్టాలి అని ఉంది అందులో. పాత కాగితంలో "శాశ్వతం" అని అర్థమొచ్చే మాట ఉంది. కానీ "రద్దు చేయలేం" అన్న మాట లేదు. "ఆమోదించిన వెర్షన్" అని ఒక ముక్క ఉంది. ఆ ముక్క పట్టుకుని, పాత వెర్షన్‌ని మేమిక ఆమోదించం అనబోయారు. ఇరవై రెండేళ్ళు దాని మీద ఇల్లు కట్టుకున్నవాళ్ళ కింద నేల లాగినట్టు.

ఈసారి జనం తిట్టి ఊరుకోలేదు. డీ అండ్ డీ బియాండ్ అనే కంపెనీ ఆన్‌లైన్ సర్వీస్ సబ్‌స్క్రిప్షన్లు క్యాన్సిల్ చేయడం మొదలుపెట్టారు. జనవరి 27న కంపెనీ వెనక్కి తగ్గింది. పాత లైసెన్స్ జోలికి పోమని చెప్పి, ఫిఫ్త్ ఎడిషన్ మూల రూల్స్ పత్రాన్ని క్రియేటివ్ కామన్స్‌లో పెట్టేసింది. అది ఇక వాళ్ళు కూడా వెనక్కి తీసుకోలేరు.

2024లో మళ్ళీ సవరించిన పుస్తకాలొచ్చాయి. ఆ ఆగస్టులో డీ అండ్ డీ బియాండ్‌లో జనం ఆడుతున్న పాత్రల మంత్రాలు, ఆయుధాలు కొత్త రూల్స్‌కి మారిపోతాయన్నారు. చూశారా, "పాత పుస్తకం మీ దగ్గరే ఉంది కదా" అన్న సమాధానం కూడా ఇక్కడ పనిచేయదు. పుస్తకం వాళ్ళ సర్వర్‌లో ఉంది. మళ్ళీ గోల, మళ్ళీ కొద్దిరోజుల్లోనే వెనకడుగు. మన కుర్రాళ్ళకి ఇది కొత్త కాదు. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ మొబైల్‌ని నిషేధించారు, 2021 జూలైలో అది బీజీఎంఐ అయి, రక్తం రంగు పచ్చగా మారి వచ్చింది. పాత పబ్జీ కావాలంటే ఏ అలమరలో వెతుక్కుంటారు?

మా శనివారం బ్యాచ్ ఐదుగురం. ఇద్దరు 2024 రూల్స్ అన్నారు, ఇద్దరు 2014 అన్నారు, ఒకడు బిర్యానీ ఆర్డర్ పెడదామా అన్నాడు. రెండు గంటలు కొట్టుకుని, నడుస్తున్న కథ పూర్తయ్యేదాకా పాతవే, తర్వాత కథకి కొత్తవి అని తేల్చుకున్నాం. రాతపూర్వకంగా, వాట్సాప్ గ్రూప్‌లో పిన్ చేసి పెట్టాం. కోడిపందెం కథ తెలిసిన ఊరివాణ్ణి కదా, ఆ పిన్ నేనే చేశాను.

సరే అండి, ఉంటాను. వచ్చే ఎపిసోడ్‌లో వామనగుంటల గురించి మాట్లాడుకుందాం.