కలాల రత్నం గారు – చేతిపని మర్యాద

ప్రతి ఏడూ మన సంఘం సావనీర్‌కు ఒక చరిత్ర వ్యాసం రాసి ఇమ్మని పెద్దలు మమ్మల్ని అడగడం, మేము ఏ నవాబు గురించో, ఏ కవి గురించో నాలుగు పేజీలు రాసి ఇవ్వడం జరుగుతోంది. ఈసారి ఒక దుకాణదారుని గురించి రాయదలిచాము. ఆయన మన ఖౌం వారు కారు. మన ధవళేశ్వరం వారూ కారు. పక్కనే ఉన్న రాజమండ్రిలో కలాలు తయారుచేసి అమ్ముకుని, ఆ పని మీదనే సంసారం నడుపుకున్న స్వర్ణకారుడు. పేరు కోసూరి వెంకటరత్నం గారు. ఆయన ఊసు మనకెందుకు వచ్చిందో ముందుగా మనవి చేసుకుంటాము.

కొన్నేళ్ల కిందట మా క్లాసులో ఒక అబ్బాయి లెక్కలు చేయకుండా దిక్కులు చూస్తూ కూర్చున్నాడు. వాళ్ల అబ్బాది సైకిలు రిపేరు షాపు. మేము కోపం పట్టలేక, "చదవకపోతే నువ్వూ మీ అబ్బాలాగా పంక్చర్లు వేసుకుంటూ బతకాల్సిందే" అనేశాము. పిల్లవాడు తల దించుకోలేదు. "మా అబ్బా పంక్చరు బాగా వేస్తారు సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ రాత్రి మాకు అన్నం సయించలేదు. ఆ పిల్లవాని చేతిలోని పుస్తకం, జేబులోని పెన్ను ఆ పంక్చర్ల డబ్బుతో వచ్చినవే కదా! మేము చదువును పొగడబోయి ఒక తండ్రి రోజీని అవమానించాము. అప్పటినుంచి చేతిపనివాళ్ల చరిత్ర వెతకడం మొదలుపెట్టాము. అలా దొరికిన వారే రత్నం గారు.

రత్నం గారిది నగల పని, లోహపు అచ్చులు చెక్కే పని. సన్నని పని పట్టిన చెయ్యి. 1921లో ఆయన గాంధీజీని కలుసుకున్నారనీ, సామాన్యుడికి రోజూ పనికివచ్చే వస్తువేదైనా మన దేశంలోనే చెయ్యమని గాంధీజీ ఆయనకు చెప్పారనీ ఆ ఇంటివారు చెప్పుకుంటారు. ఆ రోజుల్లో మంచి ఫౌంటెన్ పెన్ను అంటే విదేశీ పెన్నే. బడిలో పంతులు, కోర్టులో ప్లీడరు, కచేరీలో గుమాస్తా అందరికీ అదే గతి. రత్నం గారు సోదరునితో కలిసి 1932లో కలాల పని ప్రారంభించారు.

ఈ పని ఎలాంటిదో మన పిల్లలకు తెలియాలి. రబ్బరులో గంధకం బాగా కలిపి వేడి చేస్తే అది కొయ్యలాగా గట్టిపడుతుంది. దాన్నే ఎబొనైట్ అంటారు. ఆ కడ్డీని ముక్కలుగా కోసి, లేత్ మీద పెట్టి తిప్పుతూ, లోపల బోలు చెయ్యాలి. మూతకూ ఒంటికీ మరలు కొయ్యాలి. మర ఏమాత్రం వదులైనా సిరా కారి చొక్కా పాడవుతుంది, మరీ బిగువైతే మూత రాదు. పాళీ వెనుక ఉండే నాలుకకు సన్నని గాడి తియ్యాలి, ఆ గాడిలోంచే సిరా పాళీ మొనకు చేరుతుంది. చివరికి నునుపు పెట్టాలి. ఇంత చేస్తే ఒక్క కలం. పుస్తకం చూసి నేర్చుకునే పని కాదిది. ఉస్తాదు పక్కన కూర్చుని, తప్పులు చేసి, మాటలు పడి నేర్చుకోవలసిన పని.

మొదట్లో చేసిన కలంలో కొన్ని భాగాలు విదేశీవి కావడంతో గాంధీజీ ఒప్పుకోలేదని చెబుతారు. ఇంకొకరైతే "ఎవరు విప్పి చూస్తారులే" అనుకుని స్వదేశీ అని పేరు పెట్టి అమ్ముకునేవారేమో. రత్నం గారు అలా చేయలేదు. మళ్ళీ పనిలో కూర్చున్నారు. 1934 చివర వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడింది. దాని కార్యదర్శి జె.సి. కుమారప్ప గారు. ఆయన లండన్‌లో అకౌంట్లు చదివిన మనిషి, లెక్కలో పైసా తేడా వచ్చినా ఊరుకోని మనిషి. రత్నం గారి కలం ఆ కుమారప్ప గారి ద్వారానే గాంధీజీకి చేరింది. 1935 జులై 16న గాంధీజీ స్వయంగా ఉత్తరం రాశారు. ఆ కలంతో రాసి చూశాననీ, బజారులో దొరికే విదేశీ కలాల స్థానంలో వాడుకోవడానికి బాగానే ఉన్నట్టుందనీ దాని సారాంశం. గమనించండి, అతిశయోక్తి ఒక్కటీ లేదు. వాడి చూసి చెప్పిన మాట. చేతిపనివాడికి అంతకన్నా పెద్ద సనదు ఏముంటుంది?

ఆ పని రత్నం గారితో ఆగిపోలేదు. తండ్రి లేత్ దగ్గర కొడుకులు, వారి తర్వాత వారి పిల్లలు కూర్చున్నారు. బాల్ పెన్నులు వచ్చి ఫౌంటెన్ పెన్నుల గిరాకీ పడిపోయిన రోజుల్లో కూడా ఆ ఇల్లు పని వదలలేదు. రాజమండ్రి కోటగుమ్మం పేరు చెబితే రత్నం పెన్నులు గుర్తుకు వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. ఒక్క మనిషి సంపాదించుకున్న హునర్ మూడు తరాలకు అన్నం పెట్టింది, ఊరికి పేరు తెచ్చింది.

తెలుగులో కలం అన్నా, మన ఉర్దూలో ఖలం అన్నా మాట ఒక్కటే. ఖుర్‌ఆన్ షరీఫ్‌లో 68వ సూరా పేరే అల్-ఖలమ్. కలానికి ఇంత ఇజ్జత్ ఇచ్చే మనం, కలం చేసే చేతిని మాత్రం ఎందుకు చిన్నచూపు చూస్తున్నాము? దర్జీ పని, వెల్డింగు పని, గడియారాల పని, మెకానిక్ పని మన ఇళ్లలో ఎంతమందికి అన్నం పెట్టలేదు? అయినా పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు "అబ్బాయి ఏదో చిన్న పని చేసుకుంటున్నాడు" అని గొంతు తగ్గించి చెబుతాము.

మన ఊరి చరిత్రే చూడండి. 1847 నుంచి 1852 వరకు ఇక్కడ గోదావరి మీద ఆనకట్ట కట్టారు. కాటన్ దొర పేరు అందరికీ తెలుసు. ఆయన దగ్గర పనిచేసిన వీణెం వీరన్న గారి పేరు కొందరికి తెలుసు. రాయి కొట్టినవారు, సున్నం కలిపినవారు, ఇనుము సాగగొట్టినవారు వేలమంది. వారి పేర్లు మనలో ఒక్కరికైనా తెలుసా? రాసి పెట్టేవారు లేకపోతే ఎంత గొప్ప పనివాడైనా రెండు తరాల్లో మాయమైపోతాడు. రత్నం గారి ఇంట ఒక ఉత్తరాన్ని జాగ్రత్త చేశారు కాబట్టి ఈరోజు మేము ఈ నాలుగు మాటలు రాయగలిగాము.

ఆ సైకిలు షాపుకు మేము వెళ్లి మాఫీ అడిగామని కూడా చెప్పుకోవాలి. ఆయన చేతులు తుడుచుకుని, స్టూలు వేసి, చాయ్ తెప్పించారు. "సార్, వాణ్ణి మీరు చదివించండి. సాయంత్రం పూట పని నేను నేర్పిస్తాను. రెండూ ఉండనీయండి" అన్నారు. మా ట్రైనింగులో ఎవరూ మాకు చెప్పని పాఠం అది.

అందుచేత సభ్యులందరికీ మా విన్నపం ఏమంటే, వచ్చే సావనీర్‌కు ప్రతి ఇంటినుంచీ మీ దాదా గురించో, నానా గురించో ఒక పేజీ రాసి పంపండి. ఏం పని చేశారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మొదటి పెట్టుబడి ఎక్కడినుంచి వచ్చింది, ఎంతమందికి పని నేర్పారు, కష్టకాలంలో ఏ నగ అమ్మి ఆ ఇంటి ఇల్లాలు దుకాణం నిలబెట్టింది – ఇవన్నీ రాయండి. ఉర్దూలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే. రాయడం రానివారు మా దగ్గరకు వచ్చి చెప్పండి, మేము రాసుకుంటాము. పెద్దలు ఉండగానే అడగండి. వారి చేతిపనికీ, హలాల్ సంపాదనకూ అల్లా బర్కత్ ప్రసాదించుగాక, ఆమీన్.