కట్టెల దీవి నుంచి గీజర్ దాకా: పులికాట్ తీరంలో వేన్నీళ్ళు

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవి 19వ శతాబ్దంలో మద్రాసు పొయ్యిలను మండించింది. 1835లో దీవి మద్రాసు ప్రభుత్వ అధీనంలోకి వచ్చాక, నగరానికి వంటచెరకు అందించడం కోసమే అక్కడి అడవిని కాపాడారు. తరతరాలుగా దీవిలో ఉంటున్న యానాదులు తమ అడవిలోనే ప్రభుత్వానికి పనివాళ్ళయ్యారు. కట్టెలు పడవలెక్కి ఉప్పు కాలువ మీదుగా దక్షిణానికి వెళ్ళేవి. మద్రాసు నుంచి ఎన్నూరు దాకా 1806లో మొదలైన ఈ కాలువే తరవాత సరస్సు మీదుగా ఉత్తరానికి సాగింది. 1876-78 కరువు కాలంలో నగరం లోపలి భాగాన్ని కూడా తవ్వించి, గవర్నర్ బకింగ్‌హాం పేరు పెట్టారు.

అడవి నగరానికి పోతుంటే తీరం ఊళ్ళవాళ్ళకు చితుకులు, తాటాకులు, తరవాతి కాలంలో ఇసుక నేలల్లో పెంచిన సరుగుడు తోటల మండలు మిగిలాయి. ఆ కొరతలోనే పొదుపు అలవాటైంది. కాగులో కొద్ది నీళ్ళు మరగకాచి, బకెట్లో చన్నీళ్ళు తొలిపి పోసుకునేవారు. కాస్త కలిగిన ఇళ్ళలో రాగి బాయిలర్ ఉండేది. దాని నడుమ నిలువు గొట్టంలో బొగ్గులో పుల్లలో వేసి నిప్పు పెడితే, చుట్టూ ఉన్న నీళ్ళే ఆ వేడిని పీల్చుకుంటాయి. పైన గరాటులో చెంబెడు చన్నీళ్ళు పోస్తే అవి అడుగుకు దిగి, కాగిన నీళ్ళను కొమ్ములోంచి బయటికి నెడతాయి. కావలసినన్నే కాచుకుని, కావలసినన్నే తీసుకునే ఈ పనిముట్టు తెలివిని మెచ్చుకోకుండా ఉండలేం.

1969లో దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. యానాది కుటుంబాలు దీవి వదలవలసి వచ్చింది. దేశం గర్వించే చరిత్రలో వాళ్ళు కోల్పోయినది కూడా రాయవలసిందే. కేంద్రం వచ్చాక సూళ్ళూరుపేట పెరిగింది, 2008లో మొదలైన శ్రీసిటీతో తడ వైపు కూడా అద్దె ఫ్లాట్లు లేచాయి. ఫ్లాట్లో పొయ్యికీ పొగకీ చోటు లేదు. రాడ్డు, తరవాత గీజర్ వచ్చాయి.

కరెంటు లెక్క సులువే. ఒక యూనిట్ 860 కిలో కేలరీల వేడితో సమానం. 27 డిగ్రీల నీళ్ళు 15 లీటర్లను 42 డిగ్రీలకు తేవడానికి పావు యూనిట్ సరిపోతుంది. 1,500 వాట్ల రాడ్డుకు అది పది నిమిషాల పని. 25 లీటర్ల గీజర్ నిండా 60 డిగ్రీలకు కాచాలంటే దాదాపు ఒక యూనిట్ కావాలి. ఒక్కరు స్నానం చేసి మిగతాది వదిలేస్తే ఆ వేడి తొట్టి గోడల గుండా పోతుంది. స్విచ్ వేసే ఉంచితే పోయిన వేడిని గీజర్ మళ్ళీ మళ్ళీ నింపుతుంది. వృథా ఖర్చు అక్కడే. థర్మోస్టాట్‌ను 45-50 డిగ్రీలకు తగ్గించి, స్నానానికి ముందే వేసి, అందరూ వరసగా పోసుకుంటే బిల్లు దిగుతుంది. 2022-23 టారిఫ్‌లో 225 యూనిట్లు దాటగానే యూనిట్ ధర 6 రూపాయల నుంచి 8.75కి పెరిగింది కాబట్టి, వాడకం ఎక్కువున్న ఇంట్లో గీజర్ దగ్గర ఆదా అయ్యేవి ఖరీదైన యూనిట్లే. సరస్సు చుట్టుపక్కల బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పన. కఠినత్వం కూడా ఎక్కువైతే ఎలిమెంట్ మీద తెల్లటి పొర పేరుకుని అది తొందరగా కాలిపోతుంది. ఏడాదికోసారి శుభ్రం చేయించడం కొత్త ఎలిమెంట్ కంటే చవక.

మిద్దె మీద సోలార్ హీటర్ ఇక్కడి ఎండకు బాగానే పనిచేస్తుంది. అయితే ఈ తీరానికి ప్రధాన వర్షం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. వేన్నీళ్ళు కావాలనిపించే ఆ ముసురు రోజుల్లోనే ఎండ ఉండదు. పైగా ఫ్లాట్లలో మిద్దె అందరిదీ; పలకలకు చోటు, గొట్టాల దారి ముందే ఒప్పుకోవాలి. ముసురు రోజుల కోసమే సోలార్ ఉన్న ఇళ్ళలో కూడా కరెంటు ఎలిమెంట్ తోడుగా ఉంటుంది. దాన్ని మబ్బు రోజుల్లో మాత్రమే వేస్తే సరిపోతుంది.