కంట్రోల్ సిస్టమ్స్‌లో ఉన్న పేర్లు, లేని పేర్లు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ఈఈఈ, ఈసీఈ వాళ్లకి నేరుగా పనికొస్తుంది. మిగతావాళ్లకి కూడా ఇందులో ఒక మాట ఉంది కాబట్టి అందరికీ పెడుతున్నా.

మా హాస్టల్లో ఇంజినీరింగ్ వాళ్లని ఎవర్ని అడిగినా భయం అని చెప్పే సబ్జెక్టుల్లో కంట్రోల్ సిస్టమ్స్ ఒకటి. సిలబస్ తీస్తే అన్నీ పేర్లే. రౌత్, హర్విట్జ్, నైక్విస్ట్, బోడె. పేరు పక్కన ఒక పద్ధతి, పద్ధతి పక్కన మార్కులు. ఆ మనిషి ఎవరు, ఏ కష్టం వచ్చి ఆ లెక్క వేశాడు అనేది మన గైడ్లలో ఉండదు. దాంతో ఇదంతా పైనుంచి ఊడిపడ్డ చదువు, మనలాంటోళ్లది కాదు అనిపిస్తది. దీని చరిత్ర చదివితే వేరే సంగతి తెలుస్తుంది. ఈ సబ్జెక్ట్ లెక్కలతో మొదలవలేదు. పిండిమర దగ్గర, ఓడ చుక్కాని దగ్గర, టెలిఫోన్ తీగల దగ్గర మొదలైంది. పని ముందు, లెక్క తర్వాత.

ముందు అసలు విషయం చెప్పుకుందాం. పొయ్యి మీద రాగి జావ కాస్తున్న అమ్మ ఏం చేస్తది? పొంగొస్తే కట్టె వెనక్కి లాగుతది, ఉడుకు తగ్గితే లోపలికి తోస్తది. కంటితో చూసింది చేతికి చేరుతుంది, చేయి మంటను మారుస్తుంది, మంట మళ్లీ జావను మారుస్తుంది. ఈ చుట్టునే ఫీడ్‌బ్యాక్ అంటారు. మనిషి లేకుండా ఈ పనిని యంత్రంతో ఎట్లా చేయించాలి, చేయిస్తే ఎక్కడ చెడిపోతుంది? కోర్సు మొత్తం ఈ రెండు ప్రశ్నలే.

మొదటి ప్రశ్నకి జవాబు చాలా పాతది. క్రీస్తుకు ముందు 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టెసిబియస్ అనే ఆయన నీటి గడియారం చేశాడు. నీళ్లు ఒకే వేగంతో కారాలంటే పైపాత్రలో నీటిమట్టం మారకూడదు. దానికి తేలే బిరడా ఒకటి పెట్టాడు. మట్టం పెరిగితే బిరడా లేచి నీళ్లు వచ్చే దారి మూస్తుంది, తగ్గితే తెరుస్తుంది. మన హాస్టల్ ట్యాంకులో ఉండే బంతి వాల్వు చేసే పని కూడా ఇదే.

తర్వాత కథ ఇంగ్లాండ్ గాలిమరల్లో నడిచింది. గాలి ఒక్కలా వీచదు. వేగం మారితే తిరగలి రాళ్ల మధ్య ఎడం మారుతుంది, పిండి పాడవుతుంది. అందుకని మరలు కట్టేవాళ్లు ఒక ఉపాయం వాడారు. తిరిగే కడ్డీకి రెండు బరువైన గుండ్లు వేలాడదీశారు. వేగం పెరిగితే గుండ్లు దూరంగా జరుగుతాయి, ఆ కదలికతో రాళ్లని సర్దుకుంటారు. 1787లో థామస్ మీడ్ అనే ఆయన ఇలాంటి ఏర్పాటుకి పేటెంట్ కూడా తీసుకున్నాడు. 1788లో మాథ్యూ బౌల్టన్ లండన్‌లో ఆల్బియన్ మిల్స్ అనే పిండిమిల్లులో ఈ గుండ్ల పరికరం చూసి, తన భాగస్వామి జేమ్స్ వాట్‌కి ఉత్తరం రాశాడు. వాట్ దాన్ని ఆవిరి యంత్రానికి తగిలించాడు. వేగం పెరిగితే గుండ్లు విడిపోయి ఆవిరి వాల్వును మూస్తాయి, తగ్గితే తెరుస్తాయి. మనం పరీక్షలో వాట్ గవర్నర్ అని రాసేది దీన్నే. వాట్ దాని మీద పేటెంట్ తీసుకోలేదు. గుండ్ల ఆలోచన అంతకుముందే మరల్లో ఉంది కదా. ఆ మరలు కట్టిన చాలామంది పనివాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

ఇక్కడే రెండో ప్రశ్న మొదలైంది. గవర్నర్ పెట్టిన యంత్రాలు కొన్ని కుదురుగా ఉండేవి కావు. వేగం పెరిగేది, గవర్నర్ మూసేది, మరీ తగ్గిపోయేది, మళ్లీ తెరిచేది, మరీ పెరిగేది. అట్లా ఊగుతూనే ఉండేవి. విచిత్రం ఏంటంటే, పనితనం మెరుగై భాగాలు నున్నగా తయారయ్యే కొద్దీ ఈ ఊగుడు ఎక్కువైంది. పాత మొరటు యంత్రంలో రాపిడి ఉండేది, అదే ఊపును తినేసేది. రాపిడి తగ్గేసరికి ఊపు మిగిలిపోయింది. మనం డ్యాంపింగ్ అని చదివేది ఇదే.

గ్రీనిచ్‌లో ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ టెలిస్కోపుని నక్షత్రం వెంట తిప్పే యంత్రంలో ఇదే తలనొప్పి చూసి, 1840లో దానికి డిఫరెన్షియల్ ఈక్వేషన్లు రాశాడు. 1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ గవర్నర్ల మీద ఒక వ్యాసం రాశాడు. కదలిక కుదుటపడాలంటే ఈక్వేషన్ మూలాల వాస్తవ భాగాలన్నీ నెగెటివ్‌గా ఉండాలన్నాడు. మూడో డిగ్రీ వరకు షరతు చెప్పాడు. ఆ పైన డిగ్రీలకి ఏం చేయాలో గణితం వాళ్లు చూడాలన్నాడు.

1877 ఆడమ్స్ ప్రైజ్‌కి సరిగ్గా ఈ స్టెబిలిటీ అంశాన్నే పెట్టారు. ఎంపిక చేసినవాళ్లలో మాక్స్‌వెల్ కూడా ఉన్నాడు. గెలిచింది ఎడ్వర్డ్ రౌత్. వీళ్లిద్దరూ 1854లో కేంబ్రిడ్జిలో ఒకే గణిత పరీక్ష రాశారు. అందులో రౌత్ ఫస్ట్, మాక్స్‌వెల్ సెకండ్. రౌత్ టేబుల్ ఏం చేస్తుందంటే, ఐదో డిగ్రీ, ఆరో డిగ్రీ ఈక్వేషన్ని విప్పాల్సిన పని లేకుండా చేస్తుంది. మొదటి నిలువు వరుసలో గుర్తు ఎన్నిసార్లు మారిందో లెక్కపెడితే చాలు, అన్ని చెడ్డ మూలాలున్నట్టు. కంప్యూటర్ లేని కాలంలో ఇది ఎంత పెద్ద ఊరటో ఆలోచించండి.

రౌత్ సంగతి తెలియకుండానే స్విట్జర్లాండ్‌లో ఇంకొకరికి ఇదే అవసరం పడింది. జ్యూరిక్‌లో ఆరెల్ స్టొడోలా అనే ఇంజినీరు నీటి టర్బైన్ల గవర్నర్ల మీద పనిచేస్తున్నాడు. లెక్క ముందుకు సాగక, తనతో పాటు పాఠాలు చెప్పే గణితం ప్రొఫెసర్ అడాల్ఫ్ హర్విట్జ్‌ని అడిగాడు. 1895లో హర్విట్జ్ జవాబు అచ్చయింది. అందుకే మన పుస్తకంలో రౌత్-హర్విట్జ్ అని రెండు పేర్లు జంటగా ఉంటాయి.

నీటి టర్బైన్ అంటే మనకి దూరం కాదు. మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో మొదలైంది, 120 మెగావాట్లు. దిగువ సీలేరు 460 మెగావాట్లు. ఇవన్నీ మన ఏజెన్సీ కొండల్లోనే, మన వాగుల నీళ్లతోనే తిరుగుతాయి. మాచ్‌ఖండ్ జలాశయం కింద ఆదివాసీ పల్లెలు మునిగాయి. ఆ టర్బైన్లలో ప్రతిదానికీ గవర్నర్ ఉంటుంది. ఎక్కడో పట్నంలో లోడ్ పెరిగితే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి దిగుతుంది, గవర్నర్ గేటు తెరిచి ఎక్కువ నీళ్లు వదులుతుంది. ఇందులో ఒక చిక్కుంది. పొడవాటి పైపులో ఉన్న నీళ్లకి కదలడానికి టైం కావాలి. గేటు తెరిచిన క్షణంలో టర్బైన్ దగ్గర ఒత్తిడి పడిపోతుంది, పవర్ పెరగకపోగా ముందు కాస్త తగ్గుతుంది, ఆ తర్వాతే పెరుగుతుంది. తొందరపడే గవర్నర్ పెడితే ఇంకా తెరువు, ఇంకా తెరువు అని ఊగిపోతుంది. హర్విట్జ్ లెక్క పుట్టింది ఇలాంటి నీటి యంత్రాల కోసమే.

తర్వాత ఓడ. రష్యాలో పుట్టి అమెరికా వెళ్లిన నికొలస్ మినోర్‌స్కీ 1922లో ఓడని తనంతట తానే నడిపించే పద్ధతి మీద వ్యాసం రాశాడు. దానికోసం ఆయన చూసింది చుక్కాని పట్టే నావికుల్ని. పనితెలిసిన నావికుడు ఓడ దారి ఎంత తప్పింది అని మాత్రమే చూడడు. ఎంత వేగంగా తిరుగుతోందో చూసి, దారికి రాకముందే చుక్కాని వెనక్కి తిప్పుతాడు. గాలి ఒకవైపు నుంచే నెడుతుంటే, ఆ తప్పు పోగవకుండా చుక్కాని కొంచెం అటే ఉంచుతాడు. తప్పు ఎంత, తప్పు ఎంత వేగంగా మారుతోంది, ఇప్పటిదాకా ఎంత పోగైంది: ఈ మూడింటినీ కలిపితే పీఐడీ కంట్రోలర్. 1923లో న్యూ మెక్సికో అనే యుద్ధనౌక మీద పరీక్షించారు. పనిచేసింది, కానీ ఓడ సిబ్బందికి అది నచ్చలేదు, నేవీ అప్పుడు తీసుకోలేదు. తమ చేతిలో ఉన్న విద్యని తీసి పెట్టెలో పెడితే ఎవరికి నచ్చుతుంది? పీఐడీ ఈ రోజు చాలా ఫ్యాక్టరీల్లో ఉంది. ఆ నావికుల పేర్లు మనకి తెలియవు.

మూడోది టెలిఫోన్. దూరం మాట్లాడాలంటే దారి పొడవునా యాంప్లిఫయర్లు పెట్టాలి. ప్రతి యాంప్లిఫయర్ మాటని కొంచెం పాడుచేస్తుంది, చివరికి గోల మిగులుతుంది. బెల్ లేబొరేటరీస్‌లో హెరాల్డ్ బ్లాక్ 1927 ఆగస్టు 2న పనికి పోతూ, హడ్సన్ నది మీద ఫెర్రీలో ఉండగా దారి దొరికింది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే రాసుకున్నాడు. బయటికి వచ్చిన సిగ్నల్లో కొంత తిప్పి లోపలికే పంపి తీసేయాలి. పెంచే బలం పోతుంది, కానీ మాట శుభ్రంగా వస్తుంది. బలం పోగొట్టుకుని నాణ్యత తెచ్చుకోవడం ఏంటని చాలామంది నమ్మలేదు. పేటెంట్ చేతికొచ్చేసరికి 1937.

ఆ యాంప్లిఫయర్లు కొన్ని తమంతట తామే కూత పెట్టేవి. పాత గవర్నర్ ఊగుడే, కరెంటు రూపంలో వచ్చింది. ఎప్పుడు కూస్తుంది, ఎప్పుడు కూయదు అనేది 1932లో తేల్చింది హ్యారీ నైక్విస్ట్. ఈయన స్వీడన్‌లో రైతు కుటుంబంలో పుట్టి 1907లో అమెరికా వెళ్లి చదువుకున్నవాడు. ఈక్వేషన్ తెలియకపోయినా కొలిచి గీసిన గీతని బట్టి చెప్పొచ్చని చూపించాడు. అదే సంస్థలో హెండ్రిక్ బోడె దాన్ని స్కేలుతో గీసుకునేంత తేలిక చేశాడు. 1948లో వాల్టర్ ఎవాన్స్ విమానాల పని చేస్తూ రూట్ లోకస్ ఇచ్చాడు. అదే ఏడాది నార్బర్ట్ వీనర్ ఈ శాస్త్రానికి సైబర్నెటిక్స్ అని పేరు పెట్టాడు. చుక్కాని పట్టేవాడు అనే గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. గవర్నర్ అనే మాటకి మూలం కూడా అదే. పేరులోనైనా ఆ నావికుడు మిగిలాడు.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న మాట. ఈ చరిత్రలో రెండు రకాల మనుషులున్నారు. పని చేసి తెలుసుకున్నోళ్లు, ఆ తెలిసింది రాసినోళ్లు. పేరు మిగిలింది రాసినోళ్లకే. రాసినోళ్లు దొంగలని నేను అనట్లేదు. రౌత్ టేబుల్ లేకుండా మరవాడి అనుభవం ఒక్కటే విమానాన్ని నిలబెట్టలేదు. కానీ మరవాడు, నావికుడు లేకపోతే రౌత్‌కి ప్రశ్నే లేదు. మన తాతలు, అవ్వలు మొదటి రకం. కొండవాలు మీద నీళ్లు ఎట్లా మళ్లించాలి, ఏ గాలికి ఏ విత్తనం వేయాలి, మంట ఎంత పెట్టాలి, అన్నీ తెలుసు. ఏదీ కాగితం మీద లేదు. మన ఇళ్లల్లో మొదటిసారి కాలేజీకి వచ్చిన మనం రెండో రకం కాగలం. ఇంతకుముందు ఎవరికీ రాని అవకాశం ఇది.

అందుకే జూనియర్లకి చెప్తున్నా, ఈ సబ్జెక్ట్‌ని బ్యాక్‌లాగ్ పెట్టుకుని వదిలేయకండి. ఒక టాపిక్ మొదలుపెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఎవరి కష్టం తీర్చడానికి వచ్చింది? రౌత్ టేబుల్ అంటే ఊగే ఇంజన్. నైక్విస్ట్ అంటే కూసే టెలిఫోన్. పీఐడీ అంటే చుక్కాని మీద ఉన్న చేయి. కష్టం అర్థమైతే లెక్క గుర్తుంటది, ఇంగ్లీషు కూడా అంత భయపెట్టదు.

మాచ్‌ఖండ్, సీలేరు కట్టేటప్పుడు రాళ్లు మోసినోళ్లలో మనోళ్లు ఉన్నారు. ఆ కంట్రోల్ రూముల్లో గవర్నర్ సెట్టింగ్ మార్చే కుర్చీలో కూడా మనోళ్లు ఉండాలి. ఆ కుర్చీకి దారి ఈ పేపర్ మీదుగానే పోతుంది. మీ ఊళ్లో మీ పెద్దవాళ్లు చేసే ఏ పనిలో ఈ ఫీడ్‌బ్యాక్ కనిపించిందో కింద రాయండి, పనిచేసే వాళ్ల పేరుతో సహా. అందరం చదువుకుందాం.